దిగుడులో మోకాలి నొప్పి: సాన్ షెలీకి రోడ్డు మీదుగా దిగొచ్చా?

ఫ్రాన్స్‌లో ల పుయ్ నుంచి కాంక్ వరకు, సుమారు 200 కిలోమీటర్లు, జీఆర్ 65 యాత్రా మార్గంలో నడుస్తున్నాను. ఇవాళ ఆరో రోజు, నాస్బినాల్‌లో ఉన్నాను.

నొప్పి మొదలైంది రెండో రోజు, మొనిస్ట్రోల్‌కి దిగే ఏటవాలు బాటలో. కుడి మోకాలికి బయటి వైపు, సూదితో గుచ్చినట్టు. చదును మీద, ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు. దిగడం మొదలెట్టిన ఇరవై నిమిషాలకు పట్టుకుంటుంది. వాపు లేదు.

సోగ్‌లో ఒక రోజు ఆగాను. 9 కిలోల బ్యాగును బండిలో ముందుకి పంపించేస్తున్నాను. రెండు కర్రలు, నీక్యాప్, నొప్పి జెల్ అన్నీ అయ్యాయి. మెట్లు ఇంకా పీతలా పక్కకి తిరిగే దిగుతున్నాను.

రేపు ఓబ్రాక్ నుంచి సాన్ షెలీకి దాదాపు 500 మీటర్ల దిగుడు, అదీ రాళ్ల బాట. అక్కడ నడిచినవాళ్లు చెప్పండి: బాట వదిలేసి తారు రోడ్డు మీదుగా దిగితే మోకాలికి తేలికవుతుందా?