బాబాయిగారి సగం ఫియట్: బిల్లులు చూసి ధర కట్టాలా, బండి చూసి కట్టాలా?

కృష్ణలంక_కుర్రాడు:
అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒకటే టెన్షన్, మీ అందరి మాట కావాలి. మా ఎదురింటి బాబాయిగారు రిటైరయ్యాక తన 1968 ఫియట్ 1100 డిలైట్‌ని బాగు చేయించడం మొదలుపెట్టి, పని సగంలో ఉండగానే నాలుగేళ్ల కిందట పోయారు. అప్పట్నించీ బండి షెడ్డులో ఇటుకల మీదే ఉంది. ఇప్పుడు పిన్నిగారు ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. "నువ్వైతే బాగా చూసుకుంటావు, నువ్వే తీసుకో నాన్నా" అన్నారు. బాబాయిగారు దాచిన బిల్లులన్నీ కలిపితే 3,80,000. ఆయన పెట్టింది వస్తే చాలు, లాభం వద్దంటున్నారు ఆవిడ.

ఇంజన్ ఓవర్‌హాల్ అయింది. బోరింగ్, కొత్త పిస్టన్లు, క్రాంక్ గ్రైండింగ్, అన్నిటికీ బిల్లులున్నాయి. కానీ బిగించాక ఒక్కసారి కూడా స్టార్ట్ చేయలేదు. పెయింట్ మొత్తం గీకేసి సగం వరకే ప్రైమర్ కొట్టారు. వైరింగ్ పీకేశారు, సీట్లకి ఫ్రేములు తప్ప ఏం లేవు. ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఎంత ఇస్తే న్యాయం? ఆవిడకి అన్యాయం జరగకూడదు, అలాగని నేనూ మునిగిపోకూడదు.

ఆటోనగర్_పాతకాపు:
తమ్ముడూ, ఆ బిల్లుల ఫైలు ముందు పక్కన పెట్టు. నేను టింకరింగ్ (బాడీ రేకు పని) షెడ్డు నడిపేవాణ్ణి, ఇలాంటి సగం బళ్ళు చాలా చూశాను. ఖర్చు పెట్టింది వేరు, బండిలో మిగిలింది వేరు. పెయింట్ గీకిన కూలి కూడా ఆ 3,80,000లో ఉంటుంది కదా? ప్రైమర్ పడని రేకు నాలుగు వర్షాకాలాలు మన బెజవాడ గాలిలో ఉందంటే దాన్ని మళ్ళీ గీకాల్సిందే, అంటే ఆ డబ్బుకి ఇవాళ విలువ లేదు, పైగా నీకు పని పెరిగింది.

లెక్క వెనక నుంచి వేయాలి. పూర్తయి, కాగితాలు సరిగ్గా ఉండి, రోడ్డు మీద తిరిగే డిలైట్ నీకు ఎంతకి దొరుకుతుంది? నాకు తెలిసి మొన్నామధ్య ఒకటి 4 లక్షలకి చేతులు మారింది. అందులోంచి మిగిలిన పని తీసెయ్. టింకరింగ్, పెయింట్ 1,40,000. సీట్లు, లోపలి పని 45,000. వైరింగ్, రబ్బరు బీడింగులు, అద్దాల చానళ్ళు 35,000. బ్రేకులు, టైర్లు 40,000. మొత్తం 2,60,000. పని మొదలెట్టాక బయటపడేవాటికి ఇంకో 60,000 పక్కన పెట్టు, నా అనుభవంలో అది ఖర్చు కాని బండి లేదు. ఇక మిగిలింది 80,000. అదీ దాని ధర.

గొల్లపూడి_సుబ్బు:
అన్నా, మీ అనుభవం మీద గౌరవంతోనే అంటున్నా, ఈ లెక్క నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. ఇలా వేస్తే ఏ సగం బండికైనా సున్నానే వస్తుంది, కొన్నిటికి ఎదురు మనమే డబ్బులడగాలి. మీరు పనంతా కూలికిచ్చి చేయించే లెక్క వేశారు. నేను నా పద్మిని (ఈ ఫియటే తర్వాత ఆ పేరుతో వచ్చింది) సీట్లు, వైరింగ్ ఆదివారాలు కూర్చుని నేనే చేసుకున్నా, నాకు సామానుకి తప్ప ఖర్చు కాలేదు. అలాంటివాడికి ఇదే బండి 80,000 కాదు, ఇంకా ఎక్కువే చేస్తుంది.

ఇంకోటి. బాబాయిగారు ఇంజన్ చేయించిన రోజు రేటు వేరు, ఇవాళ అదే లేత్ పని, అదే పిస్టన్లు తెచ్చుకోవాలంటే ఎక్కువవుతుంది. పద్మినీల తయారీ ఆగిపోయే దాదాపు పాతికేళ్ళయింది. గ్రిల్లు, బంపర్లు, మీటరు బోర్డు ఒరిజినల్‌వి ఉన్నాయంటే వాటికోసం మద్రాసు పుదుపేట పాత సామాన్ల బజారు దాకా వెళ్ళి తిరిగేవాళ్ళున్నారు. బిల్లు మొత్తం ఇవ్వమనట్లేదు, కానీ ఆ బిల్లుల్లో ఇవాళ చేత్తో ముట్టుకుని చూడగలిగినవాటికి ఇవాళ్టి రేటు కట్టాలి. ఒంటరి మనిషి దగ్గర 80,000కి తీసుకుంటే రేపు ఆ బండి ఎక్కినప్పుడల్లా మనసు పీకుతుంది.

హెరాల్డ్_ప్రేమి:
నేను దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఎనిమిదేళ్ళ కిందట చెన్నైలో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ "తొంభై శాతం అయిపోయింది, బిగించడమే" అంటే కొన్నాను. ఇంటికి తెచ్చి అట్టపెట్టెలు విప్పితే డోర్ హింజులు మూడే ఉన్నాయి, విండ్‌స్క్రీన్ చుట్టూ వచ్చే బీడింగు వేరే బండిది. ఆ మిగిలిన పది శాతానికి నాకు రెండేళ్ళు పట్టింది.

అయినా నేను బతికిపోయాను, ఎందుకంటే హెరాల్డ్‌కి చాసిస్ వేరు, బాడీ వేరు. ఫియట్ అలా కాదు, ఆ కిందున్న ఫ్లోరూ, డోర్ల కింద పెట్టె సెక్షనే దాని వెన్నెముక. అక్కడ తుప్పు తినేసి పైన లప్పం పెట్టి ఉంటే ఇంజన్ ఎంత బాగున్నా లాభం లేదు. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి అంచులంతా రాసి చూడు, లప్పం ఉన్నచోట అంటుకోదు.

ధర కన్నా ముందు ఆర్‌సీ తేల్చుకో. బాబాయిగారు పోయారు కాబట్టి ముందు ఫామ్ 31 మీద పిన్నిగారి పేరుకి మారాలి, తర్వాతే నీ పేరుకి. ఇంజన్, చాసిస్ నంబర్లు ఆర్‌సీ పుస్తకంతో కలుస్తున్నాయా చూడు. 1968 బండి కాబట్టి యాభై ఏళ్ళు దాటింది, 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి వెళ్ళే దారి కూడా ఉంది, ఫీజు 20,000. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడం కుదరదు, బాడీ, చాసిస్, ఇంజన్ మార్చి ఉండకూడదు. కాగితాలు తేలని బండికి మాత్రం నేను విడిభాగాల ధరే కడతాను, పిన్నిగారైనా సరే, మా అమ్మైనా సరే.

ఆటోనగర్_పాతకాపు:
సుబ్బూ, చేత్తో ముట్టుకునేవాటికి రేటు కట్టాలన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ ఇంజన్ తిరుగుతుందో లేదో ఎవరూ చూడలేదు. బోరింగ్ చేసి నాలుగేళ్ళు తిప్పకుండా పెడితే రింగులు సిలిండర్‌కి పట్టేసే ప్రమాదం ఉంది. ప్లగ్గులు తీసి, కాస్త ఆయిల్ పోసి రెండు రోజులు వదిలెయ్, తర్వాత ముందున్న క్రాంక్ నట్టుకి స్పానర్ పెట్టి చేత్తో తిప్పు. సెల్ఫ్ కొట్టొద్దు. సాఫీగా తిరిగితే నా 80,000 మీద ఇంకో 40,000 వేస్తాను. స్వయంగా పని చేసుకునే ఓపిక ఉంటే ఇంకా వెయ్యొచ్చు, అది మాత్రం నీ ఆదివారాల ధర తమ్ముడూ, బండిది కాదు.

కృష్ణలంక_కుర్రాడు:
శుక్రవారం రాత్రి ఆయిల్ పోసి ఆదివారం తిప్పాను. మొదట కొంచెం బిగుతుగా కదిలింది, తర్వాత నాలుగు పిస్టన్లూ ఒకేలా కదిలాయి. డ్రైవర్ వైపు ఫ్లోర్ బాగుంది, ఎడమ వైపు కాళ్ళు పెట్టేచోట స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది, ఓ అరచేయంత. లప్పం ఎక్కడా లేదు.

షెడ్డు అటక మీద హార్లిక్స్ సీసాలు ఇరవై మూడున్నాయి. ప్రతిదాని మీద బాబాయిగారి చేతిరాతతో చీటీ. "ఎడమ వెనక డోరు, ఆరు బోల్టులు, ఒకటి అరిగింది, కొత్తది తేవాలి." విప్పి లెక్కపెట్టాను, ఆరున్నాయి, ఒకటి నిజంగానే అరిగింది. హెరాల్డ్ అన్నా, మీ అట్టపెట్టెల సంగతి చదివాక వీటికి ఎంత విలువ కట్టాలో నాకు అర్థమైంది. బిల్లుల్లో వీటి లెక్క లేదు.

చాసిస్ నంబరు కలిసింది. పాతకాపు అన్న చెప్పిన 1,20,000కి ఈ సీసాల విలువ కలిపి నేను 1,40,000 అనుకుని, పాతకాపు అన్న వేసిన లెక్కంతా కాగితం మీద రాసి పిన్నిగారికి చూపించాను, ఏది ఎందుకు తీసేశానో కూడా చెప్పాను. ఆవిడ చాలాసేపు చదివి, "పెయింట్ గీకిన డబ్బు పోయిందా అయితే" అన్నారు. పోయిందనే చెప్పాను. అల్లుడితో మాట్లాడి చెప్తానన్నారు. వాళ్ళు వేరే ఎవరికైనా చూపించుకోవచ్చని కూడా చెప్పాను, మీ దగ్గర ఎవరైనా నిజంగా కొనేవాళ్ళుంటే పంపండి. ఫామ్ 31 సంతకాలకి వాళ్ళ అమ్మాయి వచ్చే శుక్రవారం వస్తోంది, అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వట్లేదు. షెడ్డు కప్పు కారుతోందని ఎడమ వైపు మాత్రం టార్పాలిన్ కప్పి వచ్చాను.