పాత బొలెరో పికప్‌కి క్లచ్: ఫేసింగ్ కొట్టిస్తే చాలా, సెట్టే మార్చాలా?

మిర్చి కిరాయి, గుంటూరు:
నాది 2011 బొలెరో పికప్. మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలుతుంటాను, అప్పుడప్పుడు విజయవాడ కిరాయి. నెల రోజులుగా క్లచ్ జారుతోంది. ఖాళీ బండి మీద ఏమీ తెలియదు. లోడు ఎక్కాక నాలుగో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుపే తప్ప స్పీడు పెరగట్లేదు. మొన్న కాజ టోల్‌గేటు దాటేసరికి క్యాబిన్ నిండా కాలిన వాసన.
ముగ్గురిని అడిగితే మూడు మాటలు చెప్పారు. పాత క్లచ్ ప్లేటుకే కొత్త ఫేసింగ్ (ప్లేటు మీద అరిగిపోయే లైనింగు) కొట్టించమని ఒకరు, ప్లేటు, దాన్ని నొక్కే ప్రెషర్ ప్లేటు కలిపి మొత్తం సెట్ మార్చమని ఇంకొకరు, మామూలు లైనింగు బదులు సిరామిక్ బిళ్లలుండే బటన్ ప్లేటు వేస్తే మళ్లీ అటు చూడక్కర్లేదని మూడో ఆయన. యార్డుకి వేసవి సెలవులు ఇవ్వగానే పని పెట్టుకుందామనుకుంటున్నాను. వేయించినవాళ్లు చెప్పండి.

కూరగాయల బండి, గొల్లపూడి:
అన్నా, ఫేసింగ్ కొట్టించు. నాది నీదానికంటే పాత బండి, రెండుసార్లు అదే చేయించాను. ఆటోనగర్‌లో పాత లైనింగు ఊడదీసి, కొత్తది రివిట్లు కొట్టి పూటలో చేతికిస్తారు. సెట్ ఖరీదు ముందు అది లెక్కలోకే రాదు. అమ్మితే ఎంత వస్తుందో తెలియని బండి మీద అంత డబ్బు పోయడం ఎందుకు?

షెడ్డు మేస్త్రి, ఆటోనగర్:
తమ్ముడూ, నేను సెట్ వేయించమనే చెబుతాను. సామాను అమ్ముకునేవాణ్ణి కాదు, నాకు వచ్చేది గేర్‌బాక్స్ దింపి ఎక్కించిన కూలీయే. ఫేసింగ్ అయినా సెట్ అయినా ఆ కూలీ ఒకటే. అందుకే చెబుతున్నాను, ఒకసారి దింపినప్పుడే పని పూర్తి చేయించుకోవాలి.

క్లచ్ పట్టు ప్లేటు ఒక్కదానిది కాదు. ప్రెషర్ ప్లేటులో డయాఫ్రమ్ స్ప్రింగ్ ఉంటుంది. ప్లేటుని ఫ్లైవీల్‌కేసి, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే బరువు చక్రానికేసి, నొక్కి పట్టుకునేది అదే. ఏళ్ల తరబడి వేడెక్కి, చల్లారి దాని బలం తగ్గిపోతుంది. కొత్త లైనింగు తెచ్చి నీరసపడ్డ స్ప్రింగు కింద పెడితే ఖాళీ బండి బాగానే లాగుతుంది, టిక్కీలు ఎక్కాక మళ్లీ జారుతుంది. నీ బండి జారేది లోడు మీదే కదా.

ఈ మధ్య ఒక బండి దింపాను. లైనింగు పూర్తిగా అరిగి రివిట్లు పైకి తేలాయి. అవి ఫ్లైవీల్ మీద గ్రామఫోన్ రికార్డులా గుండ్రంగా గీతలు కోశాయి. వేలు పెట్టి లాగితే గోరు పడుతోంది. మధ్యమధ్యలో రూపాయి బిళ్లంత నీలం మచ్చలు, వేడికి ఇనుము రంగు మారినచోట. అలాంటి ఫ్లైవీల్ మీద ఎంత మంచి ప్లేటు వేసినా మొదటి గేరులో బండి వణుకుతుంది. లేత్ మీద పెట్టి చదును చేయించాల్సిందే. ఫ్లైవీల్‌కి మెట్టు ఉంటే, ప్లేటు ఆనే చోట ఎంత తీశారో ప్రెషర్ ప్లేటు కూర్చునే మెట్టు దగ్గర కూడా అంతే తీయాలి. అది మరిచిపోతే స్ప్రింగు నొక్కుడు తగ్గిపోయి కొత్త సెట్టు కూడా జారుతుంది.

పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్, గేర్‌బాక్స్ షాఫ్ట్ కొసని పట్టే పైలట్ బేరింగ్ కూడా అప్పుడే మార్చు. చిన్న సామానే, కానీ పాతది ఉంచితే మూడు నెలలకే పెడల్ తొక్కినప్పుడల్లా కీచుమంటుంది. అప్పుడు మళ్లీ గేర్‌బాక్స్ దింపాలి.

కూరగాయల బండి, గొల్లపూడి:
మేస్త్రి గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ సెట్ అని చెప్పి ఏం అంటగడుతున్నారో కూడా చెప్పండి. మా బావమరిది బండికి ఒక షాపులో సెట్ కొన్నాం. బాక్సు చూస్తే కంపెనీదే. ఆరు నెలలకు ప్లేటు మధ్యలో ఉండే డ్యాంపర్ స్ప్రింగు ఒకటి విరిగి బయటికి వచ్చేసింది, గేరు పడక రోడ్డు మీద ఆగిపోయాం. నా పాత ప్లేటు ఇనుము ఇప్పటికీ రాయిలా ఉంది. డూప్లికేట్ సెట్ కంటే అసలు ప్లేటుకి మంచి ఫేసింగే నయమన్నది నా మాట.

కంకర ట్రిప్పులు, ఇబ్రహీంపట్నం:
సిరామిక్ నేను వేయించాను కాబట్టి చెబుతున్నాను. జారదు, నిజమే. ఎంత వేడినైనా తట్టుకుంటుంది. కానీ దానికి మెల్లగా పట్టడం రాదు. పెడల్ వదిలితే బండి ఒక్కసారిగా ఎగురుతుంది. బెంజ్ సర్కిల్ కింద ట్రాఫిక్‌లో అడుగు అడుగు కదలాలంటే ఆ కష్టం నా ఎడమ మోకాలిని అడగాలి. క్లచ్ జారినప్పుడు తినే దెబ్బంతా ఇప్పుడు వెనక్కి పోతోంది. గేర్‌బాక్స్ నుంచి వెనక్కి తిరిగే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు (దాని కీళ్లు) ఏడాదిలో రెండుసార్లు మార్చాను. యార్డులో రివర్స్ కొట్టి టిక్కీల వరసకి ఆనించే పనికి అది వద్దు అన్నా.

షెడ్డు మేస్త్రి, ఆటోనగర్:
సిరామిక్ గురించి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గొల్లపూడి ఆయన మాటలోనూ న్యాయం ఉంది, డూప్లికేట్ సెట్ కంటే అసలు ప్లేటు ఫేసింగ్ మేలు. ఒక సంగతి తెలుసుకో. బండి కంపెనీలు చాలావరకు క్లచ్‌లు సొంతంగా తయారు చేయవు, లుక్, వాలియో లాంటివాళ్ల దగ్గర చేయిస్తాయి. వాళ్ల బాక్సులోనే తీసుకున్నా నాణ్యతకి లోటు ఉండదు, కాస్త తక్కువకే వస్తుంది. బిల్లు ఇవ్వని చోట కొనొద్దు. పాత ప్లేటు చేత్తో పట్టుకుని వెళ్లు. కొత్తది పక్కన పెట్టి వెడల్పు, మధ్యలో పళ్లు లెక్కపెట్టి చూసుకో. ఒకే మోడల్‌కి సంవత్సరాన్ని బట్టి సైజు మారుతుంటుంది.

ఇంకొకటి. దింపాక హౌసింగ్‌లో (క్లచ్ చుట్టూ ఉండే ఇనుప గుల్లలో) దుమ్ముని గాలి పైపుతో ఊదనివ్వకు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు. తడిగుడ్డతో తుడవమను. మా షెడ్లలో కుర్రాళ్లు ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోకుండా ఊదేస్తుంటారు, ఎన్నిసార్లు అరిచినా వినరు. నాకు కడుపు తరుక్కుపోతుంది.

మిర్చి కిరాయి, గుంటూరు:
అందరికీ దండాలు. పని అయింది, ఏం జరిగిందో చెబుతాను.
గేర్‌బాక్స్ దింపగానే హౌసింగ్ కిందంతా తడి. నా బండి పని చేసిన మేస్త్రి వేలితో తీసి వాసన చూసి, కుళ్లిన గుడ్డు వాసన, ఇది గేర్ ఆయిల్ అన్నాడు. ఇంజిన్ ఆయిల్ అయితే నల్లగా ఉండేదట. గేర్‌బాక్స్ ముందు షాఫ్ట్ సీలు కారి ప్లేటు మీద పడుతోంది. లైనింగు ఒక పక్క ఇంకా బాగానే మందం ఉంది, కానీ నూనె పీల్చి నల్లగా మెరుస్తోంది. అంటే ఫేసింగ్ కొట్టించినా, సెట్ వేసినా, ఆ సీలు వదిలేసి ఉంటే మళ్లీ ఇదే కథ. ఇక్కడ ఎవరూ ఆ మాట అనలేదు, నాకూ తట్టలేదు.
సీలు మార్చాం. ప్రెషర్ ప్లేటు స్ప్రింగుకి వేళ్లలా ఉండే రేకుల చివరలు, రిలీజ్ బేరింగ్ ఆనే చోట, లోతుగా అరిగిపోయి ఉన్నాయి, అందుకే సెట్టే తీసుకున్నాను, బిల్లుతో. ఫ్లైవీల్ లేత్‌కి వెళ్లి వచ్చింది. మొదటి నాలుగైదు వందల కిలోమీటర్లు బరువు తగ్గించి తోలమన్నారు. యార్డు సెలవులే కాబట్టి ఇబ్బంది లేదు.

కూరగాయల బండి, గొల్లపూడి:
మంచిదన్నా. ఆ పాత ప్లేటు మాత్రం తూకానికి వేయకు. స్ప్రింగులు వదులు కాకపోతే ఫేసింగ్ కొట్టించి సీటు వెనక పెట్టుకో.

షెడ్డు మేస్త్రి, ఆటోనగర్:
సీలు మాట ముందే నేను అనాల్సింది, నా పొరపాటు. నెల తర్వాత ఒకసారి హౌసింగ్ కింద చెయ్యి పెట్టి తడి చూసుకో తమ్ముడూ. సీటు వెనక ప్లేటు పెట్టుకోవాలనుకుంటే మాత్రం గోనె గుడ్డ చుట్టి పెట్టు, గ్రీజు తగిలితే అదీ పనికిరాదు.