వెండి ఫ్లూటుకు వేరే కంపెనీ హెడ్‌జాయింట్ సరిపోతుందా?

సికింద్రాబాదు ఫ్లూటు
అందరికీ నమస్కారం. చర్చి వాద్యబృందంలో పదకొండేళ్లుగా నేను వాయిస్తున్న జపాను వెండి ఫ్లూటు, విజయవాడ నుంచి తిరిగి వస్తున్నప్పుడు రైల్లో ఎవరిదో ట్రంకుపెట్టె కింద నలిగింది. బాడీకి ఏమీ కాలేదు కానీ, హెడ్‌జాయింట్‌లో (ఊదు రంధ్రం ఉండే పై భాగం) బాడీలోకి దూరే చివర నొక్కుకుపోయింది. ఇక్కడ ఒక మరమ్మతుదారు దాన్ని పటకారుతో సరిచేసి ఇచ్చాడు. ఇప్పుడది ఒకవైపు బిగుతుగా, ఇంకోవైపు వదులుగా ఉంది, మంద్ర స్వరాలు అసలు పలకడం లేదు. వేరే కంపెనీ హెడ్‌జాయింట్ కొంటే సరిపోతుందా? అది వెండిదే కావాలా? పనిలో పనిగా హెడ్‌జాయింట్ పై చివరను మూసే బిరడా, మీటల కింద రంధ్రాలను మూసే ప్యాడ్లు కూడా మార్పించమంటారా?

న్యూజెర్సీ నాన్న
మా అమ్మాయి స్కూలు బ్యాండులో వాయిస్తుంది. అదే కంపెనీది కదా అన్న ధైర్యంతో వాడిన హెడ్‌జాయింట్ ఒకటి ఆన్‌లైన్లో కొన్నాను. మోడల్ వేరు కావడంతో అది బాడీలోకి పోయి గలగలలాడింది. చివరికి ఒక నిపుణుడు గొట్టం చివరను లోపలినుంచి పరికరంతో కాస్త వెడల్పు చేసి కుదిర్చాడు. బిగుతుగా ఉంటే గరుకు కాగితంతో రుద్దుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఇక్కడికీ వస్తారు, వాళ్ల మాట వినకండి. అరిగిన వెండి తిరిగి రాదు.

గోదావరి వేణువు
మా వెదురు వేణువుకు విడిభాగాలన్న మాటే లేదు. పగులు వస్తే దారం చుట్టి కాపాడుకుంటాం, అదీ కుదరకపోతే కొత్త వెదురే. మీకు ఒక్క భాగాన్ని మార్చుకునే వీలుండడమే అదృష్టమని నాకు అనిపిస్తుంది.

వెండి నాదం
దయచేసి వేరే లోహం మీద వెండి పూత వేసిన హెడ్‌జాయింట్ జోలికి వెళ్లకండి. నేను డబ్బుకు చూసుకుని అలాంటిదే కొని, రెండేళ్లు నిస్తేజమైన నాదంతో బాధపడ్డాను. వెండికి ఉండే నిండుదనం మరే లోహానికీ రాదు.

ఇరవయ్యేళ్ల పనిబల్ల (చెన్నై)
ఇరవయ్యేళ్లుగా ఈ బల్ల మీద కొన్ని వందల ఫ్లూటులు విప్పాను కనుక గట్టిగా చెప్పగలను. నాదాన్ని నిర్ణయించేది ఊదు రంధ్రం అంచును కోసిన తీరు, గొట్టం లోపలి ఆకృతి. 1847లో జర్మన్ ఫ్లూటు తయారీదారు బోయెమ్ తెచ్చిన నమూనాలో బాడీ సమ వ్యాసంతో ఉంటుంది, హెడ్‌జాయింట్ మాత్రం 19 మిల్లీమీటర్ల నుంచి బిరడా వైపు సుమారు 17కు సన్నబడుతుంది. ఆ వంపులో రవ్వంత తేడా వచ్చినా ఫ్లూటు స్వభావం మారిపోతుంది. 1971లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త కోల్ట్‌మన్ వెండి, రాగి, కొయ్య గొట్టాలతో ఒకే రకం ఫ్లూటులు చేసి తెర చాటున వినిపిస్తే, శ్రోతలు ఏది ఏ పదార్థమో గుర్తుపట్టలేకపోయారు.

వెండి నాదం
నా చెవి నాకు అబద్ధం చెప్పదు. వాయించేవాడి పెదవికి తెలిసేది తెర అవతల కూర్చున్నవాడికి తెలియాలని ఎక్కడుంది? పనిబల్ల మీద కూర్చున్నంత మాత్రాన కచేరీలో కూర్చున్నట్టు కాదు.

ఇరవయ్యేళ్ల పనిబల్ల (చెన్నై)
కోల్ట్‌మన్ వాద్యకారులకు కూడా పరీక్ష పెట్టారు, వాళ్లూ చెప్పలేకపోయారు. మీరు కొన్న హెడ్‌జాయింట్ బాగా కోసింది కాకపోయి ఉండవచ్చు. ఆ తప్పును లోహం మీద వేయడం అన్యాయం.

న్యూజెర్సీ నాన్న
ఇద్దరూ కాస్త ఆగండి. అడిగినాయన ఫ్లూటు పలకక ఇబ్బంది పడుతుంటే మనం లోహాల గురించి పోట్లాడుకుంటున్నాం.

విశాఖ తేమ
బిరడా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా అనుభవం రాస్తున్నాను. గొట్టం పైకి సన్నబడుతుందన్న సంగతి తెలియక నేను దాన్ని పైవైపుకు లాగి పాడుచేసుకున్నాను. పైమూత విప్పి, వెడల్పుగా ఉన్న కింది చివర గుండా బయటికి నెట్టాలి. తిరిగి పెట్టేటప్పుడు శుభ్రం చేసే కడ్డీ మీది గీత ఊదు రంధ్రం సరిగ్గా నడిమధ్యకు రావాలి, అంటే బిరడా నుంచి అక్కడికి దూరం సుమారు 17.3 మిల్లీమీటర్లు. బిరడా ఆ చోటు నుంచి కదిలితే పై స్థాయిలు శ్రుతి తప్పుతాయి. ప్యాడ్ల మాటకొస్తే, మా ఊరి వానాకాలంలో వాటి పొర ఉబ్బుతుంది. ప్యాడ్ కింద సిగరెట్ కాగితం పెట్టి లాగి, ఏ ప్యాడ్ దగ్గర గాలి కారుతోందో చూసుకున్నాకే మార్పించండి.

ఇరవయ్యేళ్ల పనిబల్ల (చెన్నై)
సికింద్రాబాదు గారూ, కొనే ముందు ఒక పని చేయండి. డిజిటల్ కాలిపర్‌తో (వ్యాసం కొలిచే పరికరం) ఆ నొక్కుకుపోయిన చివర బయటి వ్యాసాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి రాయండి.

సికింద్రాబాదు ఫ్లూటు
కొలిచాను. ఒకవైపు 19.84, ఇంకోవైపు 19.66 మిల్లీమీటర్లు వచ్చింది.

ఇరవయ్యేళ్ల పనిబల్ల (చెన్నై)
అయితే మీ గొట్టం గుండ్రంగా లేదు, అంతే. వెండి చిరగకపోతే సరైన ఉక్కు మాండ్రెల్ (గొట్టంలో దూర్చే గుండ్రటి కడ్డీ) మీద దాన్ని మళ్లీ గుండ్రం చేయవచ్చు. ఆ పటకారు మాత్రం ఇంకోసారి దగ్గరికి రానివ్వకండి.

వెండి నాదం
ఈ ఒక్క విషయంలో ఆయన చెప్పింది నిజం. మీ పాత హెడ్‌జాయింట్‌ను మాత్రం వదులుకోకండి, అది వెండిది.

సికింద్రాబాదు ఫ్లూటు
కొత్తది కొనే ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాను. వచ్చే వారం చెన్నై వస్తున్నాను, ఫ్లూటును ఈసారి ఒళ్లో పెట్టుకుని తెస్తాను.