తుప్పు తీసే కరెంటు తొట్టెకు ఏ సామాను అనుకూలం?

ప్రశ్న:
మా నాన్నగారి కాలం నాటి పోత ఇనుప బెంచి వైసు (వస్తువును రెండు దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టు) ఒకటి పంచలో ఏళ్ల తరబడి పడి ఉండి, కదిలే దవడ బిగుసుకుపోయేంతగా తుప్పు పట్టింది. యాసిడ్‌లో వేయడానికి మనసొప్పక, చాకలి సోడా నీటిలో వైసును నెగటివ్‌కు, ఇనుప కడ్డీలను పాజిటివ్‌కు కలిపి డీసీ కరెంటు పంపి తుప్పు తీసే పద్ధతిని ఎంచుకున్నాను. 60 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, ట్రాన్స్‌ఫార్మరుతో పనిచేసే పాత 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు సిద్ధంగా ఉన్నాయి. పాజిటివ్ కడ్డీలను డ్రమ్ముకు ఎలా బిగిస్తే తర్వాత సులువుగా జరుపుకోవచ్చు? వైసును ఎలా నిలపాలి? కరెంటును దేనితో అదుపు చేయాలి? తుప్పు పట్టదు కదా అని పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు పెట్టాలనుకుంటున్నాను. అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

మొదటి జవాబు:
స్టెయిన్‌లెస్ స్టీలు దయచేసి వాడకండి. పాజిటివ్ వైపు ఉంచితే అందులోని క్రోమియం కరిగి, హెక్సావేలెంట్ క్రోమియం అనే విషపదార్థంగా నీటిలో చేరుతుంది. ఆ నీటిని ఎక్కడ పారబోసినా ముప్పే. జింకు పూత ఉన్న జీఐ పైపులు కూడా వద్దు. స్లాబు పనిలో మిగిలిన 10 లేదా 12 మిల్లీమీటర్ల మామూలు ఇనుప ఊచలు నాలుగు చాలు. ఈ పద్ధతిలో ఊచలకు ఎదురుగా ఉన్న ముఖం మీదే తుప్పు బాగా వదులుతుంది కాబట్టి ఊచలను ఒకే పక్కన కాకుండా వైసు చుట్టూ నిలపాలి.

బిగింపుకు నా అనుభవంలో హోస్ క్లిప్పును (రబ్బరు గొట్టాలను బిగించే స్క్రూ పట్టీని) మించినది లేదు. డ్రమ్ము మూతి మీద గట్టి ప్లైవుడ్ చట్రం ఒకటి అమర్చి, దానికి ఊచ కన్నా కొద్దిగా పెద్ద రంధ్రాలు వేయండి. ఊచను రంధ్రంలోంచి దించి, చట్రానికి పైన హోస్ క్లిప్పు బిగిస్తే ఊచ కిందికి జారకుండా ఆగుతుంది. అదే క్లిప్పు కింద వైరు లగ్గును (వైరు చివర ఉండే లోహపు ముక్కను) నొక్కి పెడితే కరెంటు కనెక్షన్ కూడా అక్కడే కుదురుతుంది. స్క్రూడ్రైవరుతో నాలుగు చుట్లు వదులు చేస్తే చాలు, ఊచను కావలసినంత ఎత్తవచ్చు, దించవచ్చు. క్లిప్పు కూర్చునే చోట ఊచను ఆకురాయితో తెల్లగా మెరిసేదాకా రుద్దండి. పాజిటివ్ వైపు రాగి నీటిలో మునిగితే తానే కరిగిపోతుంది కనుక లగ్గు, వైరు, క్లిప్పు అన్నీ నీటి మట్టానికి పైనే ఉండాలి.

రెండవ జవాబు:
పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తూ వైసు సంగతి చెబుతాను. అంత బరువును గొలుసుతో వేలాడదీయడం మంచిది కాదు. లింకుకు లింకుకు మధ్య కరెంటు సరిగా సాగదు. డ్రమ్ము అడుగున ప్లాస్టిక్ క్రేటు ముక్క వేసి దాని మీద కూర్చోబెట్టండి. వైసు పాదంలో బోల్టు రంధ్రాలు ఉంటాయి కదా, వాటిలో ఒకదాని చుట్టూ రంగు, తుప్పు గీకి, ఇనుప బోల్టుతో నెగటివ్ వైరును బిగించండి. బిగుసుకున్న దవడకూ మొండేనికీ మధ్య తుప్పు పొర కరెంటును అడ్డగిస్తుంది, అందువల్ల కదిలే దవడకు విడిగా మరో వైరు ఇవ్వడం చాలా అవసరం. చాలామంది ఇక్కడే పొరపడి, సగం వైసు శుభ్రమై సగం అలాగే మిగిలిందని బాధపడతారు.

తేలికైన కొడవలి, సుత్తి వంటివాటికి మాత్రం వేలాడదీసే ఏర్పాటు బాగుంటుంది. 8 మిల్లీమీటర్ల థ్రెడ్ రాడ్డును (పొడవునా మరలు ఉన్న కడ్డీని) అడ్డకర్రలోంచి దించి పైన వింగ్ నట్టు (చేత్తో తిప్పే రెక్కల నట్టు) పెడితే, ఒక చుట్టుకు 1.25 మిల్లీమీటర్ల చొప్పున వస్తువు లేస్తుంది.

మూడవ జవాబు:
కరెంటు సంగతి. ఛార్జరుకూ ఊచలకూ మధ్య 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైటు బల్బును వరుసలో కలపండి. ఊచ పొరపాటున వైసును తాకినా బల్బు నిండుగా వెలుగుతుందే తప్ప కరెంటు సుమారు 4.6 ఆంపియర్లు దాటదు, ఛార్జరు కాలదు. పక్కనే కరెంటును కొలిచే చిన్న ఆమ్మీటరు పెట్టుకుంటే మార్పు కళ్లకు కనిపిస్తుంది: ఊచలను దగ్గరకు జరిపినా, లోతుకు దించినా ముల్లు పెరుగుతుంది. ఈ వైసుకు మూడు నాలుగు ఆంపియర్లు చాలు. సోడా లీటరుకు 10 నుంచి 15 గ్రాములు వేయండి. ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది, వేయవద్దు.

నెగటివ్ వైపు హైడ్రోజన్ వెలువడుతుంది, కాబట్టి తొట్టెను గాలి ఆడే చోటే ఉంచి, ప్లగ్గు తీసిన తర్వాతే వైర్లను ముట్టుకోండి. పవరు ఉండగా ఛార్జరు క్లిప్పు లాగితే వచ్చే ఒక్క నిప్పురవ్వ చాలు, ప్రమాదం జరగడానికి. బుడగలు వైసు మీద ఎక్కువగా, ఊచల మీద తక్కువగా కనిపిస్తే కనెక్షన్ సరైనదే. తారుమారైతే వైసు ఇనుమే కరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. స్టీలు పలకల ఆలోచన మానుకున్నాను. పని మధ్యలో నీరు తగ్గితే మళ్లీ సోడా కలపాలా?

మూడవ జవాబు ఇచ్చినవారు:
అవసరం లేదు. తగ్గేది నీరే, సోడా తొట్టెలోనే ఉంటుంది. మంచినీరు మాత్రం పోయండి. ఊచలకు పట్టిన గోధుమరంగు పొరను అప్పుడప్పుడు వైర్ బ్రష్‌తో గీకండి, లేకపోతే ఆమ్మీటరు ముల్లు క్రమంగా పడిపోతుంది. వైసును బయటికి తీసిన వెంటనే కడిగి, ఎండలో ఆరబెట్టి, నూనె పట్టించండి. తడి ఇనుము గంటలోపే మళ్లీ ఎర్రబడుతుంది.