1980 నాటి సంచికలో బ్యాట్‌మన్ పూర్వకథ వేరుగా ఉందేమిటి?

ప్రశ్న (జయనగర్, బెంగళూరు):
పోయిన ఆదివారం చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాలు తిరగేస్తుండగా, బ్యాట్‌మన్ పూర్వకథను మూడు సంచికల్లో చెప్పిన వరుసలో మొదటిది నా చేతికి దొరికింది. 1980 జూలై నాటిది, లెన్ వీన్ రచన. కాగితం పసుపుబారింది, వెన్ను దగ్గరి పిన్ను తుప్పు పట్టి చుట్టూ ఎర్రటి మరక కట్టింది. 1987లో ఫ్రాంక్ మిల్లర్ రాసినదే అసలు ఆరంభమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇందులో మాత్రం బ్యాట్‌మన్ తండ్రి థామస్ వేన్ ఒకప్పుడు మారువేషాల విందుకు గబ్బిలం దుస్తులు వేసుకు వెళ్ళాడనీ, ఆ దుస్తులనే ఇప్పుడెవరో చీలికలు చేసి కొడుక్కి పంపారనీ ఉంది. ఇది వీన్ గారి కల్పనేనా, అంతకు ముందే ఉన్న కథా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
వీన్ కల్పన కాదండీ. ఆ దుస్తుల కథ 1956 సెప్టెంబరు డిటెక్టివ్ కామిక్స్ 235వ సంచికలో వచ్చింది. థామస్ వల్ల జైలుపాలైన లూ మాక్సన్ అనే ముఠా నాయకుడు, ఆ కక్షతో జో చిల్ అనే దుండగుడి చేత థామస్ దంపతులను హత్య చేయించాడని అందులో తేల్చారు. 1939 నవంబరులో అదే పత్రిక 33వ సంచికలో పూర్వకథ మొదటిసారి వచ్చినప్పుడు అది రెండే పేజీలు, హంతకుడికి పేరైనా లేదు. జో చిల్ అన్న పేరు 1948లో, బ్యాట్‌మన్ 47వ సంచికలో పెట్టారు. అందులో బ్యాట్‌మన్ ముసుగు తీసి చిల్‌కు తన ముఖం చూపిస్తాడు. బెదిరిపోయిన చిల్, బ్యాట్‌మన్ పుట్టుకకు కారణం తానేనని తోటి దుండగుల దగ్గర నోరు జారగానే, వాళ్ళే ముందూ వెనకా చూడకుండా అతణ్ణి కాల్చేస్తారు. వీలైతే ఆ కథ తప్పక చదవండి.

జవాబు 2:
ఉడుత సాయం వాల్మీకంలో లేదు, అయినా మన ఇళ్ళలో అది లేని రామకథ లేదు. అందువల్ల తరవాత చేరిందన్న కారణంతో దేన్నీ తోసిపుచ్చలేం. అయితే మాక్సన్ కుట్ర మాత్రం నాకు రుచించదు. ముత్యాల హారం కోసం దారిన పోయే దొంగ ఎవడో కాల్చాడంటేనే ఆ పిల్లవాడి దుఃఖానికి అర్థం ఉంది. వెనక పగ ఉందంటే, ఆ పగ తీరిన రోజున నేరస్థులపై పోరాడతానన్న అతని వ్రతం కూడా ముగిసిపోవాలి కదా?

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మీ మాట చదివాక సంచిక మళ్ళీ తెరిచాను. చీలికలైన ఆ దుస్తుల బొమ్మ దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. మీకు నచ్చని ఆ 1956 కథ లేకపోతే ఈ పేజీయే ఉండేది కాదు కదండీ. మిగిలిన రెండు సంచికలు బెంగళూరులో ఎవరి దగ్గరైనా ఉంటే, చదివి భద్రంగా తిరిగి ఇస్తాను.