అప్‌డేట్: నా కల్పిత భాషలో మెత్తటి వెలుగుకి మాట దొరికింది

కోటిపల్లి రేవు నుంచి ముక్తేశ్వరం వైపు పంటు మీద దాటేటప్పుడు, పొద్దు గూకాక గౌతమి నీళ్ల మీద ఉండే వెలుగు ఉంటుంది చూడండి, దానికి నా సొంత భాషలో 'వెలిసో' అని పెట్టానని, ఎందుకో అతకట్లేదని సంక్రాంతికి ముందు అడిగాను. చెప్పినవాళ్లందరికీ థాంక్సండి.

లోపం ఏంటో మా మేనత్త ఒక్క ముక్కలో తేల్చేసింది: "వెలిసిపోయిన చొక్కాలా ఉందిరా." ఆయ్, అంతే! తెలుగు చెవికి అది రంగు పోయిన గుడ్డే.

పనిచేసింది ఎస్పెరాంతో (దేశదేశాల వాళ్లు మాట్లాడుకోవడానికి కల్పించిన భాష) చూడమన్న సలహా. అందులో 'లూమో' అంటే వెలుగు, మధ్యలో 'ఎత్' చేరిస్తే 'లూమెతో', చిన్న వెలుగు. అదే 'ఎత్'తో 'రీది' (నవ్వడం) 'రిదేతి' (చిరునవ్వు నవ్వడం) అవుతుంది. 1887లో ఆ భాషని కల్పించిన జామెన్‌హోఫ్ దాని మీద పుస్తకం వేసినప్పటి నుంచీ ఉన్న కిటుకే. నేనూ మాట కోసం వెతకడం మానేసి ప్రత్యయం చేసుకున్నా: 'ఇమ్', అంటే మెత్తన. 'కెరో' వెలుగు, 'కెరిమో' మెత్తటి వెలుగు. 'పాసో' గాలి, 'పాసిమో' పిల్లగాలి. ఒక్క దెబ్బకి పదిహేను మాటలు వచ్చాయి.

ల, మ, న లాంటి మెత్తటి అక్షరాలే వాడాలన్న సలహా నాకు అక్కర్లేకపోయింది. 'క'తో మొదలైనా బానే ఉంది. లిపి గీయడానికి తగలేసిన వారం మాత్రం శుద్ధ దండగ.