ఇన్వెస్ట్‌మెంట్ క్యాస్టింగ్ ‘పెట్టుబడి పోత’ అవుతుందా?

ప్రశ్న: లోహపు పని గురించిన ఒక అనువాదంలో ‘పెట్టుబడి పోత’ అన్న మాట కనిపించింది. సరైనదేనా? మనకు పాత మాట ఏదైనా ఉందా?

జవాబు: సరికాదండి, ఇందులో డబ్బు ప్రసక్తే లేదు. ఇన్వెస్ట్ అనే మాటకు లాటిన్ మూలంలో అర్థం బట్ట తొడగడం. మైనపు నమూనా చుట్టూ తొడిగే పొరకే ఇన్వెస్ట్‌మెంట్ అని పేరు. తర్వాత మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. సంస్కృతంలో దీన్ని మధూచ్ఛిష్ట విధానం అంటారు. మధువు పిండుకోగా మిగిలిన ఉచ్ఛిష్టం, అంటే తేనెమైనం. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి ‘మానసోల్లాసం’ (12వ శతాబ్దం) ఈ పనిని వరసగా చెబుతుంది: మట్టిలో కాల్చిన ఊక, సన్నగా తరిగిన దూది, కాస్త ఉప్పు కలిపి నూరాలి. మొదటి పూత పలచగా వేసి నీడలో ఆరనివ్వాలి, చివరిది మందంగా వేయాలి. మైనాన్ని ముందే తూచుకోవాలి, పోసేది వెండి అయితే మైనం బరువుకు 12 రెట్లు కావాలి. వెండి సాంద్రత 10.5, తేనెమైనానిది 0.96. లెక్కకు దాదాపు 11 రెట్లు చాలు, మిగతాది తరుగుకు అనుకోవచ్చు. ఎంత చక్కటి అంచనా!

మరొకరు: అయితే ‘మైనపు పోత’ అంటే సరిపోతుంది కదండీ?

జవాబు: అలా అంటే మైనాన్నే పోత పోసినట్టు వినిపిస్తుంది. పైగా ఇప్పుడు నమూనా మైనమే కానక్కర్లేదు, త్రీడీ ప్రింటర్‌లో తీసిన రెసిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) కూడా వాడుతున్నారు. మారనిది తొడుగు ఒక్కటే. అందుకే నా ఓటు ‘తొడుగు పోత’కు.

ఇంకొకరు: మాట బాగుంది, పనికి కూడా అతుకుతుంది. కర్మాగారాల్లో మైనపు నమూనాలను ఒక కాడకు చెట్టులా అతికించి, కొలాయిడల్ సిలికాలో (అతి సన్న సిలికా రేణువులున్న నీళ్లలో) జిర్కాన్ అనే ఖనిజపు పిండి కలిపిన జావలో ముంచుతారు, పైన సన్న ఇసుక చల్లుతారు. నునుపు వచ్చేది ఈ మొదటి పూతతోనే. తర్వాత ముతక ఇసుకతో మరికొన్ని పూతలు. ఏ పూతా పూర్తిగా ఆరకుండా తర్వాతిది వేయకూడదు, వేస్తే పొరలు విడిపోతాయి.

అసలు గండం మైనం తీసేటప్పుడు. నెమ్మదిగా వేడిచేస్తే మైనం మొత్తం ఉబ్బి తొడుగును చీల్చేస్తుంది. అందుకే ఆటోక్లేవ్ అనే మూసిన పాత్రలో తొడుగును పెట్టి, ఒత్తిడితో ఆవిరిని ఒక్కసారిగా వదులుతారు. తొడుగును ఆనుకున్న మైనం ముందు కరిగి కారిపోతే, లోపలిది ఉబ్బడానికి చోటు దొరుకుతుంది. రెసిన్ అలా కరగదు, ఉబ్బి కాలిపోతుంది. కాబట్టి దాని నమూనాను లోపల గుల్లగా ప్రింట్ చేస్తారు. జెట్ ఇంజిన్ టర్బైన్ రెక్కలు ఈ పద్ధతిలోనే వస్తాయి. వాటిలో గాలి దారుల కోసం మైనంలోనే పింగాణీ కోర్ (ఆ దారుల ఆకారంలో ఉండే లోపలి దిమ్మ) పెట్టి, పోత అయ్యాక దాన్ని క్షారంతో కరిగిస్తారు.

ప్రశ్న అడిగినవారు: షెల్ మోల్డింగ్ అని మరొకటి ఉంది. అదీ తొడుగే కాదా?

జవాబు: దాన్ని ‘పెంకు అచ్చు’ అనండి. అక్కడ వేడి లోహపు నమూనా మీద రెసిన్ పట్టించిన ఇసుక పోసి, రెండు పెంకులుగా తీసి జత చేస్తారు. తొడుగు పోతలో అతుకు గీత ఉండదు, ఎందుకంటే అచ్చును విప్పే పనే లేదు.

ఇంకొకరు: నగల పనిలోని ఇన్వెస్ట్‌మెంట్ పొడిని ‘తొడుగు పొడి’ అనవచ్చు. అది జిప్సం, సిలికాల మిశ్రమం. 100 గ్రాముల పొడికి సుమారు 40 మిల్లీలీటర్ల నీళ్లు. కలిపాక వ్యాక్యూమ్‌లో గాలి తీయకపోతే నగ మీద బుడిపెలు వస్తాయి. గట్టిపడ్డ తొడుగు కాల్పును 730 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపాలి. అది బాగా దాటితే జిప్సం విడిపోయి సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, పోతలో సూది బెజ్జాలు పడతాయి. చాలా ఎక్కువ వేడిలో కరిగే ప్లాటినానికి జిప్సం బదులు ఫాస్ఫేట్ తొడుగు పొడి వాడేది అందుకే.